కుడిది వేరు, ఎడమది వేరు

భోజనాల బల్ల మీద పరిచే గుడ్డని ఇస్త్రీ చేస్తుండగా ఫోను మోగింది. ఆదివారం, ఉదయం ఐదున్నర. ఆ వేళప్పుడు ఆమెకి ఫోను చేసేది ఒక్క ఆసుపత్రే. ఇస్త్రీపెట్టెని పక్కకి నిలబెట్టి, ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గుడ్డ రెండో అంచు సర్దుకుంటూనే మాట్లాడింది. ఒక జత ఊపిరితిత్తులు వస్తున్నాయట, ఏడింటికల్లా చేరతాయట. ఇంకో ఆసుపత్రివాళ్ళు చూసి పనికిరావని వదిలేశారు, మనం మిషన్ మీద పెట్టి చూద్దామని పెద్ద డాక్టరుగారు అన్నారట. చెబుతున్న చిన్న డాక్టరు గొంతులో నిద్ర ఇంకా వదల్లేదు. "వస్తున్నాను" అని పెట్టేసింది. ఆ మిషన్ నడపడం వచ్చిన రెండో మనిషి పెళ్ళి సెలవులో ఉన్నాడు.

పళ్ళు తోముకుంటూ గుమ్మంలోకి వచ్చిన భర్త బ్రష్షు నోట్లోంచి తీసి, "ఇవాళా?" అన్నాడు.

"పన్నెండింటికల్లా వచ్చేస్తానండి. మిషన్ మీద ఉంచేది నాలుగు గంటలే. ఏడున్నరకి పెడితే పదకొండున్నరకి తేలిపోతుంది. కూరలు రెండు రాత్రే చేసేశాను. మిగతావి వచ్చి చేస్తాను. వాళ్ళు వచ్చేది ఒంటిగంటకి కదా."

"మా డైరెక్టరు మొదటిసారి మన గడప తొక్కుతున్నాడు. ఆ సంగతి వారం నుంచీ చెబుతున్నాను నీకు." నోట్లో నురగ ఉన్నా కోపానికేం అడ్డు రాలేదు. "పోయినవాళ్ళ ఊపిరితిత్తులు ఎక్కడికీ పారిపోవుగా. ఒక పూట ఆగమను."

పారిపోవు గానీ పాడైపోతాయి. ఆ మాట ఆమె పదకొండేళ్ళలో కనీసం నలభైసార్లు చెప్పి ఉంటుంది, నలభైసార్లూ ఆయన కొత్తగా విన్నట్టే విన్నాడు. అందుకని ఇప్పుడు చెప్పలేదు. లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది: "ప్రాణం లేనివాటికి కాపలా కాయడానికి తెల్లారకముందే పరిగెత్తుతుంది. ప్రాణాలతో ఉన్నవాళ్ళకి కాఫీ ఎవరిస్తారో మాత్రం తెలీదు." కాఫీ అప్పటికే ఫ్లాస్కులో పోసి ఆవిడ మంచం పక్కనే పెట్టి ఉంది. ఆ సంగతీ ఆమె చెప్పలేదు. చెప్పి నెగ్గిన రోజులు ఆ ఇంట్లో ఆమెకి గుర్తులేవు, చెప్పి తలనొప్పి తెచ్చుకున్న రోజులు మాత్రం బోలెడు. ఇస్త్రీ ముగించి, గుడ్డ మడత పెట్టి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఏ గిన్నెలో ఏముందో, ఏది ఎన్ని నిమిషాలు వేడి చేయాలో, అతిథుల ప్లేట్లు ఏ అరలో ఉన్నాయో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పద్దెనిమిదేళ్ళుగా అదే వంటింటి పక్కన నిద్రపోతున్న మనిషికి ప్లేట్లు ఎక్కడుంటాయో రాసిపెట్టాల్సి వచ్చినందుకు చేతిలో పెన్ను గట్టిగా ఒత్తుకుపోయి, కాగితం ఒకచోట చిరిగింది.

బస్సులో కూర్చున్నాక గానీ కోపం రాలేదు. ఆమె కోపానికి ఎప్పుడూ కాస్త ఆలస్యమే, ఇంటి పనులన్నీ అయ్యాక వస్తుంది. పోయిన నెల ఎవరిదో విందులో భర్త ఆమెని పరిచయం చేసిన తీరు గుర్తొచ్చింది. "మా ఆవిడ ఆసుపత్రిలో ఏదో మిషన్ చూసుకుంటుంది" అన్నాడు. లిఫ్టు నడిపేవాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పాడు. "ఏదో మిషన్ కాదండీ, దానం వచ్చిన ఊపిరితిత్తులని బయటే బతికించి, పనికొస్తాయో లేదో..." అని ఆమె మొదలుపెట్టేలోపలే నవ్వేసి, "తినేముందు అవన్నీ ఎందుకోయ్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని తర్వాత మూడు రోజులు తనని తానే తిట్టుకుంది.

ఆసుపత్రిలో ఆమెని అందరూ పెట్టె మేడం అంటారు. గాజుమూత ఉన్న పెట్టెలో ఊపిరితిత్తులని పడుకోబెట్టి, పక్కనే స్టూలు వేసుకుని గంటలు గంటలు కూర్చుంటుంది కాబట్టి ఆ పేరు పడింది. ఏడుంపావుకి ఐసు డబ్బా వచ్చింది. చిన్న డాక్టరు మూత తీశాడు. మామూలుగా అయితే లేత గులాబీ రంగులో ఉండాల్సినవి చలికి పాలిపోయి, అక్కడక్కడా మచ్చలు పడి ఉన్నాయి. ఎత్తేముందు ఆమె ఎప్పటిలాగే మనసులో "రండి" అనుకుంది. ఎవరివో ఆమెకి చెప్పరు. వయసు, ఎత్తు, ఎన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు, అంతే. ఈ మనిషికి ముప్ఫై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. ఆ ఎత్తు అంకెని ఆమె ఇంకోసారి చూసుకుంది. నాలుగో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. ఆవిడ ఊపిరితిత్తులు గట్టిపడిపోయి పదకొండు నెలలుగా ముక్కుకి గొట్టంతోనే బతుకుతోంది. చిన్న ఛాతీ. ఆ ఛాతీలో పట్టేవి దొరకడమే కష్టం. రెండుసార్లు ఆవిడకి తలస్నానం చేయించి, పస్తు ఉంచి, కింద దాకా దించి, "ఇవి కూడా బాగాలేవమ్మా" అని వెనక్కి పంపేశారు. ఇంకో నెల గడిస్తే గొప్ప అని నర్సులు గుసగుసలాడుకుంటున్నారు. పోయిన వారం ఆ వార్డులోంచి వెళుతుంటే ఆవిడ ఆపి, "మేడం, మీ కోటు జేబు ఊడింది, ఇలా ఇవ్వండి" అని మంచం మీదే కూర్చుని, నాలుగు కుట్లకి ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ కుట్టి ఇచ్చింది. కుట్టు ఎక్కడుందో వెతికినా కనపడదు.

చిన్న డాక్టరు గొట్టాలు కుట్టాడు. ఒకటి శ్వాసనాళానికి, ఒకటి లోపలికి వెళ్ళే రక్తనాళానికి, ఒకటి బయటికి వచ్చే సిరలన్నీ కలిసే చోట. అక్కడితో అతని పని అయిపోయింది, ఆమె పని మొదలైంది. పంపు మెల్లగా తిప్పింది. రక్తం బదులు ఒక తేటనీరు లాంటి ద్రవం. దాన్ని తొందరపడకుండా, అరగంట సేపు, ఒక్కొక్క డిగ్రీ వేడి చేస్తూ పోవాలి. తొందరపడితే సున్నితమైన గోడలు తడిసి ఉబ్బిపోతాయి. అవి వెచ్చబడ్డాక గాలి పెట్టాలి. గాలి అందగానే ఆ రెండూ గాజుమూత కింద పైకి లేచి, కిందికి దిగి, మళ్ళీ లేచాయి. పదకొండేళ్ళుగా చూస్తున్నా ఆ మొదటి ఊపిరి దగ్గర ఆమె తన ఊపిరి బిగబడుతుంది.

పరీక్ష పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. లోపలికి పంపే ద్రవంలో ఆక్సిజన్ తీసేసి పంపుతారు. బయటికి వచ్చే ద్రవంలో ఎంత ఆక్సిజన్ ఉందో గంటకోసారి చూస్తారు. అంటే ఊపిరితిత్తి ఎంత ఇచ్చిందన్నదే లెక్క. నాలుగువందలు దాటితే మంచిది, దాటకపోతే కాదు. ఇచ్చినంతసేపే విలువ. ఆ మాట తొలి రోజుల్లో శిక్షణలో విన్నప్పుడు ఆమెకి ఇంట్లోవాళ్ళందరూ కళ్ళముందు కదిలారు, పక్కనున్నవాళ్ళు ఎందుకు నవ్వుతున్నావని అడిగితే చెప్పలేకపోయింది. నంబర్లన్నీ రాసే కాగితం ఒకటుంటుంది. పైన సర్జన్ పేరు, దాని కింద సహాయ సర్జన్ పేరు, నిర్ణయం అన్నచోట మళ్ళీ సర్జన్ సంతకం. అన్నిటికంటే కింద, ఎన్ని గొట్టాలు వాడారు, ఎన్ని సీసాల ద్రవం పట్టింది అన్న వివరాల తర్వాత, మిషన్ నడిపినవారు అని ఒక చిన్న గీత. ఆ గీత మీద పేరు పూర్తిగా పట్టదు. ఆమె ఎప్పుడూ పొడి అక్షరాలే రాస్తుంది.

ఎనిమిదిన్నరకి మూడువందల నలభై. తొమ్మిదికి భర్త ఫోను. "పెద్ద గిన్నె ఏది?" కాగితం మీద రాశానండి. "ఏ కాగితం?" ఫ్రిజ్ మీద. "ఫ్రిజ్ మీద ఏమీ లేదు." మీద కాదండీ, తలుపుకి. ఫ్రిజ్ దాకా నడిచిన చప్పుడు, తర్వాత "ఆఁ" అని పెట్టేశాడు. తొమ్మిదిన్నరకి మూడువందల పది. పదింటికి అత్తగారు. "వాడు ఒక్కడూ వంటింట్లో కిందామీదా పడుతున్నాడు, చూడలేకపోతున్నాను." సాయం చేయకూడదా అత్తయ్యా అనాలని నాలుక చివరిదాకా వచ్చింది, "వస్తున్నాను అత్తయ్యా" అని మాత్రం బయటికి వచ్చింది. నాలుక అలవాటు పడిపోయింది. పదిన్నరకి రెండువందల ఎనభై ఎనిమిది.

"అయిపోయింది మేడం" అన్నాడు చిన్న డాక్టరు. మంచివాడే. ఆమె కంటే పదిహేనేళ్ళు చిన్న, ఈ మిషన్ పక్కకి వచ్చి ఏడాది కాలేదు. "పడిపోతూనే ఉంది. ఇంకో గంట చూసి లాభం లేదు. సార్‌కి చెప్పేస్తాను."

"ఒక్క నిమిషం ఆగండి" అంది ఆమె. గాలి గొట్టాన్ని ఒక్క క్షణం విడదీసింది. ఇది ఏ కాగితంలోనూ నంబరు లేని పరీక్ష, కంటితో చూసి తెలుసుకోవాల్సిందే. గాలి ఆపగానే ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి చప్పున అణిగిపోతుంది. తడిసి బరువెక్కింది కదలకుండా అలాగే ఉండిపోతుంది. కుడిది వెంటనే అణిగింది. ఎడమది, కింది భాగం మొత్తం, ఉబ్బినది ఉబ్బినట్టే ఉంది. గొట్టం మళ్ళీ తగిలించి, గ్లవ్స్ చేతితో రెండిటినీ నెమ్మదిగా తాకింది. కుడిది మెత్తగా, తేలిగ్గా ఉంది. ఎడమదాని కింద చెయ్యి పెడితే తడిబట్ట మూటని ఎత్తినట్టుంది.

"ఇవి రెండూ ఒకలా లేవు" అంది. "పాడైంది ఎడమది. అందులోంచి వచ్చేదీ, కుడిదాంట్లోంచి వచ్చేదీ ఒకే గొట్టంలో కలిసిపోతున్నాయి. కలిపి కొలిస్తే ఇంతే వస్తుంది. ఏ వైపు సిరలోంచి ఆ వైపు విడివిడిగా తీసి చూడండి."

అతను కాగితం వైపు చూశాడు. "కానీ మేడం, ఇందులో ఆక్సిజన్‌కి ఒకటే గడి ఉంది కదా."

అతను వెటకారం చేయడం లేదు. నిజంగానే గడి కోసం వెతుకుతున్నాడు. సిరలోకి సూది గుచ్చే హక్కు ఆమెకి లేదు, అది డాక్టర్ల పని. అతను గుచ్చాలంటే పెద్ద డాక్టరు చెప్పాలి. ఫోను చేసి స్పీకరులో పెట్టాడు. "మొత్తం నంబరెంత?" అంది అవతలి గొంతు. చెప్పాడు. "ఇంకెందుకయ్యా, ఆపేయండి. పైన ఆవిడకి చెప్పేయండి." మేడం ఏదో అంటున్నారు సార్, విడివిడిగా... "ఇవాళ ఇంట్లో ఏదో ఉందని ఆ అమ్మ పోయిన వారమే సెలవు అడిగింది. ఆదివారం పూట పాపం. త్వరగా పంపించేయండి."

ఈ దయ ఉందే, దీనితో వేగడం కష్టం. తిడితే తిరిగి ఏదో అనొచ్చు. పాపం అన్నవాళ్ళతో ఏం పోట్లాడతాం? అవతలివాళ్ళు తలుపు తీసి పట్టుకుని, నువ్వు వెళ్ళమ్మా అంటున్నారు. వెళితే ఇంట్లో మాట పడదు, ఆసుపత్రిలో మాట పడదు. ఇవాళ పన్నెండింటికి వంటింట్లో ఉండొచ్చు. ఎవరూ ఏమీ అనరు.

ఆరేళ్ళ క్రితమూ ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడూ ఇలాగే నంబరు తక్కువ వచ్చింది, ఆపమన్నారు. ఆమెకి అప్పుడూ అనుమానం వచ్చింది. కానీ ఆ సాయంత్రం ఆడపడుచు వాళ్ళు ఊరెళుతున్నారు, ప్రయాణానికి అన్నం డబ్బాలు కట్టాలి, నాలుగింటికల్లా రమ్మని మూడు ఫోన్లు వచ్చాయి. ఆపేసింది. ఆపాక రెండిటినీ కోసి విడదీస్తే, ఎవరూ అడగకుండానే విడివిడిగా తూచింది. ఒకటి ఉండాల్సినంత తేలిగ్గా ఉంది, రెండోది దానికి రెండింతల బరువుంది. తేలిగ్గా ఉన్నదాన్ని చేతుల్లో పట్టుకుని ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలీదు. కాగితంలో బరువుకీ ఒకటే గడి. రెండూ కలిపి రాసింది. ఎదురుచూస్తున్న మనిషి ఒక బస్సు డ్రైవరు, పంతొమ్మిది రోజులకి పోయాడు. ఆ సంగతి తెలిసిన రోజు రాత్రి అన్నం వడ్డిస్తూ భర్తకి చెప్పింది. ఆయన పెరుగు కలుపుకుంటూ, "నీ పని మిషన్ ఆపమన్నప్పుడు ఆపడం. ఆలోచించడం వాళ్ళ పని. నీకెందుకు లేనిపోని బాధ" అన్నాడు. ఓదార్పనుకునే అన్నాడు. ఆమె కూడా ఓదార్పు అనుకునే తీసుకుంది, ఆరేళ్ళుగా అది గొంతులో అడ్డం పడి ఉంది.

"కానివ్వండి మేడం" అన్నాడు చిన్న డాక్టరు.

ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతుంది. ఆ మిషన్‌ని నడిపినవాళ్ళే ఆపాలి. పూర్వం ఎవరో కొత్త డాక్టరు పక్క మీట అనుకుని దీన్ని నొక్కేశాడట, అప్పటినుంచీ ఆపేముందు నడిపినవాళ్ళకి మాత్రమే తెలిసిన అంకెలు కొట్టాలి, ఆపిన టైము రాసి సంతకం పెట్టాలి. అది గౌరవమని ఎవరూ అనుకోలేదు. తప్పు జరిగితే ఎవరి మీద వేయాలో తెలియడానికి పెట్టుకున్న పద్ధతి.

"నేను ఆపను" అంది ఆమె.

అరవలేదు. చెప్పాక తన గొంతే తనకి కొత్తగా వినిపించింది. చిన్న డాక్టరు అయోమయంగా చూశాడు. "అంటే?" అన్నాడు. "అంటే ఆపను. సార్ వచ్చి చూసి, విడివిడిగా తీసి, అప్పుడు కూడా బాగాలేదంటే ఆపుతాను. ఈలోగా పైన ఆవిడకి ఏమీ చెప్పకండి." అతను ముఖం మాడ్చుకుని మళ్ళీ ఫోను పట్టుకుని బయటికి వెళ్ళాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది. నేను అనుకున్నది తప్పయితే? కుడిదీ బాగోకపోతే? పదకొండేళ్ళ పేరు, ఉద్యోగం, ఇంట్లో విందు, అన్నీ ఒక్కసారే పోతాయి. అంతా పోయినా, కుట్లు వేసిన జేబులో చెయ్యి పెట్టుకుని మళ్ళీ నాలుగో అంతస్తుకి వెళ్ళగలను, ఆపేసి మాత్రం వెళ్ళలేను అనుకుంది.

ఆ జేబులోనే ఫోను మోగింది. ఈసారి కూతురు. పదహారేళ్ళ పిల్ల, మర్నాడు దానికి లెక్కల పరీక్ష.

"అమ్మా, ఎప్పుడొస్తావు? నాన్న నన్ను కూరగాయలు తరగమన్నారు. తర్వాత గ్లాసులు తుడవాలట."

"రేపు పరీక్ష కదే."

"పర్లేదులే అమ్మా. రాత్రి కూర్చుంటాను."

పర్లేదులే. ఆ మాట అచ్చం తన గొంతుతో, తను అనే లాగే అంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీలేదు, అందరికంటే ముందు తన మీద. "కత్తి అక్కడ పెట్టేయ్" అంది. "పుస్తకాలు తీసుకుని నీ గదిలోకి వెళ్ళు. తలుపు గడియ పెట్టుకో. నాన్న పిలిస్తే అమ్మ చదువుకోమందని చెప్పు. ఇంకోసారి పిలిచినా అదే చెప్పు."

"నాన్న ఒంటికాలి మీద లేస్తారమ్మా."

"లేవనీ. దించేది నేను చూసుకుంటాను."

పిల్ల కిసుక్కున నవ్వి పెట్టేసింది.

పెద్ద డాక్టరు పదకొండున్నరకి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, ఆదివారం ముఖం. గదిలోకి వస్తూనే, "ఏంటమ్మా ఇది, నువ్వెప్పుడూ ఇలా చేసే మనిషివి కాదే" అన్నారు. ఆమె గొట్టం విడదీసి చూపించింది. కుడిది అణిగింది. ఎడమది అణగలేదు. ఆయన చేతులు కడుక్కుని గ్లవ్స్ వేసుకున్నారు. ఆమె మాట తప్పని తేల్చి ఇంటికి వెళ్ళడానికే సూది పట్టుకున్నట్టుంది ఆ విసురు. కుడివైపు సిరలోంచి ఒకటి, ఎడమవైపు సిరలోంచి ఒకటి తీశారు. ఆక్సిజన్ కొలిచే యంత్రంలో పెట్టాక రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ ఆమె నేల మీది పలకల గీతలు లెక్కపెట్టింది.

ఎడమది నూటముప్ఫై ఒకటి. కుడిది నాలుగువందల యాభై రెండు.

"ఊఁ" అన్నారు పెద్ద డాక్టరు. కాసేపటికి, "ఎడమవైపు కట్టేసి, కుడిది ఒక్కదాన్నే ఇంకో గంట నడిపి చూద్దాం. నిలబడితే ఆవిడకి ఒకటి సరిపోతుంది" అన్నారు. తర్వాత చిన్న డాక్టరు వైపు తిరిగి, "నాకు మొదట్నుంచీ ఇదే అనుమానం. అందుకే వచ్చాను. ఇలాంటివి కంటితో చూస్తే గానీ తెలీవయ్యా, నేర్చుకో" అన్నారు. చిన్న డాక్టరు ఆమె వైపు చూసి, చూపు తిప్పుకుని, "యస్ సార్" అన్నాడు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళూ ఇంట్లో వంట చేసేది ఆమే అయినా, బాగుందని ఎవరైనా అంటే భర్త "మా ఇంటి రుచే అంత" అంటాడు. అచ్చం అదే గొంతు. ఈ మగవాళ్ళందరూ ఏ బడిలో కలిసి చదువుకున్నారో అనుకుంది.

పన్నెండుంపావుకి భర్త. ఈసారి అరిచాడు. "ఎక్కడున్నావు? వాళ్ళు బయల్దేరారట. అమ్మాయి తలుపేసుకుని కూర్చుంది. నువ్వే చెప్పావట. నన్ను ఏం చేద్దామనుకుంటున్నావు?"

ఆమె సింకు దగ్గరికి జరిగి, కళ్ళు మిషన్ మీదే ఉంచి మాట్లాడింది. "నేను రావడం లేదండీ. ఇంకో మూడు గంటలు పడుతుంది."

"వాళ్ళకి ఏం చెప్పమంటావు?"

"ఆరేళ్ళ క్రితం మీరు రమ్మన్న టైముకి నేను ఇంటికి వచ్చాను. పంతొమ్మిది రోజులకి ఒక మనిషి పోయాడు. మీకు చెప్పాను, పెరుగన్నం తింటున్నారు. ఈసారి రాను. వాళ్ళకి మా ఆవిడ పనిలో ఉందని చెప్పండి. ఏం పనని అడిగితే, మీకు తెలిస్తే చెప్పండి."

ఆమే పెట్టేసింది. పెళ్ళయ్యాక ఆయన కంటే ముందుగా ఫోను పెట్టేయడం అదే మొదటిసారని పెట్టేశాక గానీ గుర్తురాలేదు.

పన్నెండున్నరకి కుడిది నాలుగువందల అరవై. నిలబడింది. పైనుంచి బట్టలు కుట్టే ఆవిడని దించారు. మూడోసారి. గాజు తలుపు అవతల స్ట్రెచర్ మీద వెళుతూ ఆవిడ ఇటు చూసింది, చూపులో ఆశ లేదు, అలవాటే ఉంది. ఆమె లేచి నిలబడి తల ఊపింది. ఇంకేం చెప్పడానికి వీల్లేదు. ఒకటిన్నర దాటాక, ఛాతీ తెరిచామని కబురు వచ్చాక, మీట దగ్గర తన అంకెలు కొట్టి మిషన్ ఆపింది. పెద్ద డాక్టరు కుడిదాన్ని విడదీసి ఐసులో పెట్టి, సంతకం కోసం కాగితం అందుకుని ఆగిపోయారు.

ఆక్సిజన్ గడి మధ్యలో స్కేలు పెట్టి గీసిన గీత ఉంది. అటు కుడి, ఇటు ఎడమ. దాని కింద ఆమె చేతిరాత: పది నలభై ఐదుకి ఆపమన్నారు. ఆపలేదు. గాలి తీసినప్పుడు ఎడమది అణగలేదు, కుడిది అణిగింది. విడివిడిగా తీయమని అడిగినది మిషన్ నడిపినవారు. ఆ పక్కన పొడి అక్షరాలు కాదు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు.

"ఇవన్నీ కాగితంలో ఎందుకమ్మా?" అన్నారాయన, మెత్తగానే. "కొత్తది తీసుకుని మామూలుగా రాసిచ్చేయ్."

"తిరిగి రాస్తూ కూర్చుంటే ఐసులో ఉన్నది పాడవుతుంది సార్. లోపల ఆవిడకి ఛాతీ తెరిచి ఉంచారు."

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. బహుశా పదకొండేళ్ళలో అంతసేపు చూడటం అదే మొదటిసారి. తర్వాత ఆమె పేరు కింద సంతకం పెట్టి, డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు.

గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. పాడైన ఎడమదాన్ని తూచి, బరువు గడినీ గీత గీసి రెండు చేసి, దాని బరువు దాని వైపు రాసి, గుడ్డలో చుట్టి అప్పగించింది. పంపు విప్పింది, గొట్టాలు తీసింది, పెట్టె కడిగింది. రెండు గంటల పని. ఈ పనికి ఏ కాగితంలోనూ గడి లేదు. నాలుగుంపావుకి ఆపరేషన్ గది నర్సు తలుపు సందులోంచి తొంగిచూసి, "రంగు తిరిగింది మేడం. గాలి బాగా తీసుకుంటోంది" అని వెళ్ళిపోయింది. ఆమె తడిచేతులతోనే గోడకి ఆనుకుని, ఎవరూ లేరు కాబట్టి కాసేపు ఏడ్చింది.

చేతులు తుడుచుకుని ఫోను తీస్తే భర్త దగ్గర్నుంచి సందేశం వచ్చి ఉంది. "వాళ్ళు ఇప్పుడే వెళ్ళారు. వేడి చేయడం దగ్గర్నుంచి వడ్డించి, ఎత్తి, గిన్నెలు కడగడం దాకా అంతా నేనే చూసుకున్నాను. నువ్వు లేకపోయినా ఏ లోటూ రాలేదు. నీకు తెలియాలని చెబుతున్నాను."

ఎక్కడ గుచ్చితే నొప్పెడుతుందో బాగా తెలిసిన మనిషి రాసిన మాటలు. నిన్నటిదాకా అయితే నొప్పి పుట్టేది కూడా. నువ్వు లేకపోతే ఈ ఇల్లు నడవదు అన్న ఒక్క మాట మీదే కదా పద్దెనిమిదేళ్ళు పరిగెత్తింది, నిద్ర మానుకుంది, ఫ్రిజ్ తలుపుకి కాగితాలంటించింది, ఆరేళ్ళ క్రితం ఆ మీట నొక్కింది. ఆమె స్టూలు మీద కూర్చుని సందేశాన్ని మళ్ళీ మొదట్నుంచీ చదివింది. తర్వాత తీరిగ్గా, అక్షరం తప్పు లేకుండా, జవాబు రాసి పంపింది.

"చాలా సంతోషం. రేపటి నుంచి కూడా అలాగే చూసుకోండి."